కొత్త ఫోన్ కొనమని చెప్పేముందు ఒక్క నంబరు చూడండి

ఫోన్ రివ్యూలు రాసేవాడిగా నేను ఇచ్చిన సలహాల్లో తప్పుడు సలహా ఒకటి బాగా గుర్తుండిపోయింది. అది మా చిన్నాయనకు ఇచ్చింది. దాని ఖరీదు 13,000 రూపాయలు. నా డబ్బు కాదు, ఆయనది.

మాది పరకాల. చిన్నాయనకు ఇక్కడే విత్తనాలు, పురుగు మందుల దుకాణం ఉంది. చుట్టూ పత్తి పండించే ఊళ్లు కాబట్టి వ్యాపారం సగానికి పైగా ఉద్దెర మీదే నడుస్తుంది. వానాకాలం మొదట్లో రైతు విత్తనాలు, మందులు తీసుకెళ్తాడు. పత్తి అమ్మినంక వచ్చి లెక్క తేల్చుకుంటాడు. నడికూడ, రేగొండ, శాయంపేట దిక్కు నుంచి వచ్చేవాళ్ల పేర్లతో మూడు లావుపాటి ఉద్దెర బుక్కులు ఉండేవి. ఏ పేజీలో ఎవరున్నారో ఆయనకు తప్ప ఇంకొకరికి తెలియదు.

మా తమ్ముడు డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నాడు. "చిన్నాయనా, నీకు యాప్ చేసిస్తా, బుక్కులు పక్కన పెట్టు" అన్నాడు. చేసిచ్చాడు కూడా. పేరు, ఊరు, ఫోన్ నంబరు, బాకీ. అంతే. ఇంటర్నెట్ అక్కర్లేదు, లెక్కంతా ఫోన్‌లోనే ఉంటుంది. నా ఫోన్‌లో వాడి చూశా, తమ్ముడి ఫోన్‌లో వాడి చూశా. ఎక్కడా ఆగలేదు.

చిన్నాయన ఫోన్‌లో మాత్రం వేరే కథ. యాప్ తెరుచుకుంటుంది. పేర్లు కనిపిస్తాయి. బాకీ రాసి 'సేవ్' నొక్కగానే టప్పున మూసుకుపోతుంది.

"ఏందిరా ఇది? రాసింది ఉంటలేదు" అన్నాడు.

ఫోన్ చేతిలోకి తీసుకుని సెట్టింగ్స్ చూశా. ఆండ్రాయిడ్ 10, 3 జీబీ ర్యామ్, వెనకాల గీతలు పడ్డ కవర్. నాకు అంతకంటే ఇంకేం కావాలి? "ఫోన్ పాతదైపోయింది చిన్నాయనా. ర్యామ్ సరిపోతలేదు. కొత్తది తీసుకో" అని చెప్పేశా.

ఆయన మారుమాట అనలేదు. ఇంట్లో ఫోన్ల సంగతి తెలిసినవాణ్ని నేనే కదా. నేను చెప్పిన మూడు మోడళ్లలో ఒకటి హనుమకొండ వెళ్లి తెచ్చుకున్నాడు. అందులో యాప్ చక్కగా నడిచింది. నా మాట నిజమైందని నేను కూడా నమ్మేశా.

ర్యామ్ కాదు, ఇంకేదో

రెండు వారాల తర్వాత దుకాణంలో పనిచేసే అన్న కూడా యాప్ వేసుకున్నాడు. చిన్నాయన లేనప్పుడు లెక్క రాయాలిగా. ఆయన ఫోన్ 6 జీబీ ర్యామ్ ఉన్నది, గేమ్‌ల కోసం చూసి కొనుక్కున్నది. 'సేవ్' నొక్కాడు. టప్పున మూసుకుపోయింది.

అక్కడ నా ర్యామ్ సిద్ధాంతం కూలింది. రెండు ఫోన్లకూ కంపెనీ వేరు, ప్రాసెసర్ వేరు, ర్యామ్ వేరు. కలిసేది ఒక్కటే. రెండూ ఆండ్రాయిడ్ 10.

తమ్ముడు ఆ ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి లాగ్ తెరిచాడు. మెమరీ గురించి ఒక్క మాట లేదు. 'ఆన్' అనే పదం దగ్గర సింటాక్స్ ఎర్రర్ అని ఉంది. అంటే ఫోన్‌లోని డేటాబేస్‌కు తమ్ముడు రాసిన వాక్యం అర్థం కాలేదు. ఓపిక లేక కాదు, భాష తెలియక ఆగిపోయింది.

వాక్యం సంగతి చెబుతా. ఈ నంబరుతో రైతు జాబితాలో లేకపోతే కొత్త వరుస చేర్చు, ఉంటే ఉన్న వరుసలోనే బాకీ మార్చు. ఈ రెండు పనులూ ఒకే వాక్యంలో చేయడాన్ని అప్‌సర్ట్ అంటారు. అప్‌డేట్, ఇన్సర్ట్ కలిపితే వచ్చిన పేరు. 'ఇన్సర్ట్' రాసి, చివర 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డు అప్‌డేట్' అని తగిలిస్తారు. ఎర్రర్ చూపించిన 'ఆన్' ఇదే.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే డేటాబేస్ పేరు ఎస్క్యూలైట్. దానిలోకి అప్‌సర్ట్ వచ్చింది 2018 జూన్‌లో, 3.24 వెర్షన్‌తో. మరి ఈ ఫోన్‌లో ఉన్నది ఎంత? తమ్ముడు యాప్‌లో ఒక్క లైన్ చేర్చి డేటాబేస్‌నే అడిగాడు. 'సెలెక్ట్', దాని పక్కన 'ఎస్క్యూలైట్ అండర్‌స్కోర్ వెర్షన్', చివర ఖాళీ బ్రాకెట్లు. స్క్రీన్ మీద జవాబు: 3.22.0.

అదే లైన్ నా ఆండ్రాయిడ్ 13 ఫోన్‌లో నడిపితే 3.32.2 వచ్చింది. తమ్ముడు ల్యాప్‌టాప్‌లో పరీక్షించిన ఎమ్యులేటర్ ఆండ్రాయిడ్ 14ది, అందులో 3.39. మేం చూసిన ప్రతిచోటా కొత్తదే ఉంది. పాతది ఉన్నది యాప్ ఎవరి కోసం చేశామో వాళ్ల దగ్గర.

అడగడానికి పట్టింది రెండు నిమిషాలు. అది ముందే అడిగి ఉంటే 13,000 రూపాయలు మిగిలేవి.

మీ జేబులో ఉన్న డేటాబేస్

ఎస్క్యూలైట్ పేరు విననివాళ్లు కూడా రోజూ వాడుతూనే ఉంటారు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ మెసేజ్‌లు దాచుకునే ఫైలు ఎస్క్యూలైట్ ఫైలే. కాంటాక్టులు, కాల్ లాగ్ కూడా అలాంటి వాటిలోనే ఉంటాయి. ఐఫోన్లలోనూ ఇదే. రిచర్డ్ హిప్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం పనిచేస్తున్నప్పుడు, సర్వర్ అక్కర్లేని డేటాబేస్ ఉంటే బాగుండు అనుకుని మొదలుపెట్టాడు. తొలి వెర్షన్ 2000 ఆగస్టులో వచ్చింది. కాపీరైట్ లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే ఫోన్, టీవీ, బ్రౌజర్ ఏది విప్పినా లోపల ఇది కనిపిస్తుంది.

మనం పట్టించుకోని విషయం ఒకటుంది. ఆండ్రాయిడ్ ఇచ్చే ఎస్క్యూలైట్ సిస్టమ్‌తో పాటే వస్తుంది. ప్లే స్టోర్‌లోకి వెళ్లి దాన్ని అప్‌డేట్ చేయలేం. ఫోన్ ఏ ఆండ్రాయిడ్ దగ్గర ఆగిపోయిందో, డేటాబేస్ కూడా దాదాపు అక్కడే ఆగిపోతుంది. మన ఇళ్లలో ఇంకా తిరుగుతున్న ఫోన్ల వరకు గూగుల్ డాక్యుమెంటేషన్ ప్రకారం లెక్క ఇది:

ఆండ్రాయిడ్ 7 – ఎస్క్యూలైట్ 3.9
ఆండ్రాయిడ్ 8 – 3.18 (8.1లో 3.19)
ఆండ్రాయిడ్ 9, 10 – 3.22
ఆండ్రాయిడ్ 11 – 3.28
ఆండ్రాయిడ్ 12, 13 – 3.32
ఆండ్రాయిడ్ 14 – 3.39

ఎస్క్యూలైట్ 3.22 విడుదలైంది 2018 జనవరిలో. ఆండ్రాయిడ్ 10 వచ్చింది 2019 సెప్టెంబరులో. అంటే పెట్టె విప్పిన రోజుకే ఆ డేటాబేస్ వయసు ఏడాదిన్నర దాటింది. "లేటెస్ట్ ఆండ్రాయిడ్" అని మేం రివ్యూల్లో రాసినప్పుడు లోపలున్న ప్రతి ముక్కా లేటెస్ట్ అని అర్థం కాదు.

ఈ నంబర్లను చదవడంలోనూ ఒక తిరకాసు ఉంది. 3.9 పెద్దదా, 3.22 పెద్దదా? లెక్కల క్లాసులో అయితే 3.9 పెద్దది. ఇక్కడ కాదు. దీన్ని మన ఇంటి నంబరులా చదవాలి. 3-9 అంటే మూడో వార్డులో తొమ్మిదో ఇల్లు. 3-22 అంటే అదే వార్డులో ఇరవై రెండో ఇల్లు. చుక్కకు అటూ ఇటూ ఉన్నవి వేర్వేరు అంకెలు, దశాంశం కాదు. కోడ్‌లో వెర్షన్‌ను మామూలు సంఖ్యలా పోల్చి, 3.9 ఉన్న ఫోన్‌ను కొత్తదిగా, 3.22 ఉన్నదాన్ని పాతదిగా లెక్కగట్టే తప్పు చాలామంది చేస్తారు. మీరు మాత్రం చేయకండి.

ఇంకో సంగతి. ఒక ఫోన్‌లో ఒక్క ఎస్క్యూలైటే ఉంటుందని కూడా అనుకోవద్దు. క్రోమ్ తన సొంత ఎస్క్యూలైట్‌ను వెంట తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ కూడా అంతే. టెర్మక్స్ వేసుకుని అందులో ఎస్క్యూలైట్ ఇన్‌స్టాల్ చేసి వెర్షన్ చూస్తే, వచ్చేది టెర్మక్స్ తెచ్చుకున్నదాని నంబరు. ఆండ్రాయిడ్‌తో వచ్చినదానిది కాదు. పైగా కొన్ని కంపెనీలు తమ ఫోన్లలో వేరే వెర్షన్ పెడతాయని గూగుల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. కాబట్టి పై పట్టిక అంచనాకు మాత్రమే. అసలు జవాబు కావాలంటే ఆ యాప్ లోపలి నుంచే, అది వాడుతున్న డేటాబేస్‌నే అడగాలి.

తొందరపడి చేసిన రిపేరు

కారణం దొరికాక తమ్ముడు పది నిమిషాల్లో రిపేరు చేశాడు. అప్‌సర్ట్ తీసేసి 'ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్' అని పెట్టాడు. ఇది పాత వెర్షన్లలోనూ పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ 10లో యాప్ మూసుకుపోవడం ఆగింది. ఇద్దరం సంతోషపడ్డాం.

అయితే ఆ రిపేరు అసలు దుకాణం లెక్క మీద కాకుండా కాపీ మీద చేశాం కాబట్టి బతికిపోయాం. బాకీ మార్చిన ప్రతి రైతు దగ్గరా ఊరి పేరు, ఫోన్ నంబరు ఖాళీ అయిపోయాయి. ఎందుకంటే 'రీప్లేస్' ఉన్న వరుసను దిద్దదు. దాన్ని తీసేసి కొత్త వరుస పెడుతుంది. వాక్యంలో మనం చెప్పని గడులన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. బుక్కులో ఒక అంకె కొట్టేసి పైన రాయడానికీ, పేజీ చింపేసి కొత్త పేజీలో పేరు, బాకీ మాత్రమే రాయడానికీ ఎంత తేడా ఉందో అంత తేడా ఇది.

చివరికి పాత పద్ధతికే వెళ్లాం. ముందు అప్‌డేట్ చేయి. ఒక్క వరుస కూడా మారలేదని తెలిస్తే అప్పుడు ఇన్సర్ట్ చేయి. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో. పై పట్టికలోని అన్ని వెర్షన్లలోనూ ఇది నడుస్తుంది. రెండో దారి కూడా ఉంది. క్రోమ్‌లాగే యాప్ తన సొంత ఎస్క్యూలైట్‌ను వెంట తెచ్చుకోవచ్చు. యాప్ సైజు కొంచెం పెరుగుతుంది, కానీ అన్ని ఫోన్లలో ఒకే వెర్షన్ నడుస్తుంది. దీనికి కావలసిన లైబ్రరీని గూగుల్ తన జెట్‌ప్యాక్‌లోనే ఇస్తోంది.

ఏ దారి మంచిదన్నది మీ యాప్‌ను బట్టి ఉంటుంది. కానీ ఆ రెండు దారులున్నాయని తెలియాలంటే ముందు నంబరు తెలియాలి.

ఎవర్ని అడుగుతున్నారో చూసుకోండి

ఈ సంఘటన తర్వాత నేను తమ్ముడి ల్యాప్‌టాప్, వాడి స్నేహితుల ల్యాప్‌టాప్‌లు కూడా చూశా. "నీ దగ్గర ఏ వెర్షన్ ఉంది?" అంటే అందరూ టక్కున జవాబు చెప్పారు. అందులో సగం తప్పు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, అడగాల్సినవాణ్ని కాకుండా పక్కవాణ్ని అడిగారు.

మొదటిది పైథాన్. ఎస్క్యూలైట్‌3 మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి దాని 'వెర్షన్' ప్రింట్ చేస్తే 2.6.0 అని వస్తుంది. అది చూసి ఒకడు "అమ్మో, నాది మరీ పాతది" అని కంగారుపడ్డాడు. అది మాడ్యూల్ నంబరు, డేటాబేస్‌ది కాదు. అసలుది కావాలంటే 'ఎస్క్యూలైట్ అండర్‌స్కోర్ వెర్షన్' ప్రింట్ చేయాలి. ఈ గందరగోళం వల్లే కావచ్చు, పైథాన్ 3.12లో ఆ మొదటిదాన్ని వాడొద్దని హెచ్చరిక పెట్టి, 3.14లో పూర్తిగా తీసేశారు.

రెండోది జాంప్. కాలేజీ ల్యాబుల్లో మైఎస్‌క్యూఎల్ అంటే చాలామందికి జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో 'మైఎస్‌క్యూఎల్' పక్కన స్టార్ట్ బటన్ నొక్కడమే. కానీ జాంప్ 2015 నుంచి ఇస్తున్నది మైఎస్‌క్యూఎల్ కాదు, మరియాడీబీ. బటన్ మీద మాత్రం పాత పేరే ఉంది. 'సెలెక్ట్ వెర్షన్' అని రాసి ఖాళీ బ్రాకెట్లు పెట్టి నడపండి. నంబరు చివర మరియాడీబీ అని అదే చెబుతుంది. పాత కనెక్షన్ టూల్స్‌తో చూస్తే ఇంకా వింత. మరియాడీబీ 10 తన నంబరు ముందు 5.5.5 అని తగిలించి పంపేది, పాత ప్రోగ్రాములు తికమకపడకుండా. అది చదివి "నాది 5.5" అనుకున్నవాళ్లున్నారు.

ఈ రెండిటికీ పుట్టుక ఒకటే. మైఎస్‌క్యూఎల్‌ను తయారుచేసినవారిలో ఒకరైన మాంటీ విడెనియస్, అది ఒరాకిల్ చేతికి వెళ్తున్న రోజుల్లో, 2009లో, వేరుపడి మరియాడీబీ మొదలుపెట్టాడు. ఒకదానికి పెద్ద కూతురు మై పేరు, రెండోదానికి చిన్న కూతురు మరియా పేరు. అక్కాచెల్లెళ్లే కానీ ఇప్పుడు ఎవరి దారి వాళ్లది. యూట్యూబ్‌లో మైఎస్‌క్యూఎల్ 8 కోసం చెప్పిన పాఠం మీ మరియాడీబీలో ప్రతిసారీ అలాగే నడవాలని లేదు. మైఎస్‌క్యూఎల్‌లో జేసన్ నిజంగానే వేరే డేటా టైప్. మరియాడీబీలో అది మామూలు లాంగ్‌టెక్స్ట్‌కు పెట్టిన ఇంకో పేరు.

మూడోది కమాండ్ ప్రాంప్ట్. అక్కడ 'మైఎస్‌క్యూఎల్' అని టైప్ చేసి వెర్షన్ అడిగితే జవాబు చెప్పేది క్లయింట్. మీ దగ్గరున్న క్లయింట్ కొత్తది, అవతల సర్వర్ పాతది కావచ్చు. దుకాణం షట్టర్ దగ్గర నిలబడ్డవాణ్ని "స్టాక్ ఎంతుంది" అని అడిగినట్టు ఉంటుంది. లోపలికి వెళ్లి, అంటే కనెక్ట్ అయ్యాక, 'సెలెక్ట్ వెర్షన్' నడిపితేనే ఓనర్ మాట్లాడతాడు. పోస్ట్‌గ్రెస్‌లోనూ ఇదే వాక్యం పనిచేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే 'సెలెక్ట్' తర్వాత రెండు 'ఎట్' గుర్తులు పెట్టి 'వెర్షన్' అనాలి.

తెలుగులో డేటా దాచుకునేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు, మనం ఏమీ మార్చకపోతే, అక్షరాల సెట్టింగ్ లాటిన్1. అందులో 'పరకాల' అని తెలుగులో రాస్తే ఎర్రర్ వస్తుంది, లేదా వరుసగా ప్రశ్నార్థకాలు మిగులుతాయి. 8.0 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4 అయింది, తెలుగు నేరుగా కూర్చుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన ఊళ్ల పేర్లు ఫ్రీ హోస్టింగ్‌లోకి వెళ్లగానే ప్రశ్నార్థకాలైతే, ఫాంట్‌ను తిట్టేముందు రెండు చోట్లా వెర్షన్ చూడండి. 5.7కు కంపెనీ మద్దతు 2023 అక్టోబరుతోనే ముగిసింది.

కౌంటర్ కింద ఉన్న కంప్యూటర్

ఫోన్లు పక్కన పెట్టి, మన ఊళ్లలో ఏ మెడికల్ షాపులోనైనా, హార్డ్‌వేర్ షాపులోనైనా కౌంటర్ కింద చూడండి. దుమ్ము పట్టిన సీపీయూ ఒకటుంటుంది. అందులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. చాలా సాఫ్ట్‌వేర్లు తమతో పాటే ఒక డేటాబేస్‌ను కూడా చడీచప్పుడు లేకుండా ఇన్‌స్టాల్ చేస్తాయి. ఓనర్‌కు బిల్లు వస్తే చాలు. కింద ఏముందో ఆయన చూడడు, చూడాలని ఎవరూ చెప్పరు.

ఇలా తెలియకుండా ఉన్న డేటాబేస్ ఏం చేయగలదో 2003 జనవరి 25న ప్రపంచం చూసింది. స్లామర్ అనే వర్మ్ మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లోని లోపం పట్టుకుని పాకింది. సైజు 376 బైట్లు, అంటే ఒక ఎస్ఎంఎస్ రెండున్నర రెట్లు. అది అంటుకున్న కంప్యూటర్లు కనీసం 75,000 అని అంచనా. వాటిలో ఎక్కువ భాగం మొదటి పది నిమిషాల్లోనే దొరికిపోయాయి. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ కుప్పకూలింది. అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఏటీఎంలు డబ్బులివ్వడం ఆపేశాయి.

ఆ లోపానికి ప్యాచ్ లేక కాదు. ఆరు నెలల ముందే, 2002 జులైలో, మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. కానీ ఆ సర్వర్‌కు ఎంఎస్‌డీఈ అనే చిన్న రూపం ఉండేది, అది ఎన్నో వేరే సాఫ్ట్‌వేర్లలో కలిసి వచ్చేది. తమ కంప్యూటర్‌లో అది ఉందని తెలియనివాళ్లు దానికి ప్యాచ్ ఎలా వేస్తారు?

ఆ చిన్న రూపానికి వారసుడే ఇప్పటి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. ఉచితం, కానీ ఒక డేటాబేస్‌కు సైజు పరిమితి ఉంది. 2008 వెర్షన్ దాకా 4 జీబీ, 2008 ఆర్2 నుంచి 10 జీబీ, 2025 వెర్షన్‌లో 50 జీబీ. అంటే మీ షాపు బిల్లులు ఎన్నేళ్లవి పడతాయన్నది వెర్షన్ నంబరు మీద ఆధారపడి ఉంది. నిండిన రోజు కొత్త బిల్లు ఎక్కదు. ఆ రోజు పండగ సీజన్ అయితే ఇంక చెప్పక్కర్లేదు. చూసేటప్పుడు ఒక జాగ్రత్త: ఇక్కడ పేరు ఒకటి, లోపలి నంబరు ఒకటి. లోపల 12 అని ఉంటే అది 2014, 15 అని ఉంటే 2019, 16 అని ఉంటే 2022.

ఇది చదివి రేపే వెళ్లి ఎవరి షాపులోనో డేటాబేస్ అప్‌డేట్ చేసేయకండి. చూడటం వేరు, మార్చడం వేరు. మైఎస్‌క్యూఎల్‌ను 5.7 నుంచి 8.0కు మార్చాక మళ్లీ వెనక్కి దించే దారి లేదు, బ్యాకప్ ఉంటే తప్ప. పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద వెర్షన్ మారితే డేటాను కొత్తదానిలోకి మార్చే పని వేరుగా చేయాలి. ముందు నంబరు చూడండి, రాసిపెట్టండి, బ్యాకప్ తీయండి. ఆ తర్వాతే మార్చే మాట.

ఇది కస్టమర్ పని కాదు, మన పని

"ఫోన్ కొనేవాడికి ఎస్క్యూలైట్ వెర్షన్ ఎందుకు బ్రో?" అని ఈ ఆలోచన చెప్పినప్పుడు ఒక ఫ్రెండ్ నవ్వాడు. నిజమే, కొనేవాడికి అక్కర్లేదు. మా చిన్నాయన ఉద్దెర రాసుకోవడానికి డేటాబేస్ నేర్చుకోవాలనడం అన్యాయం. కానీ ఆయన నమ్మి అడిగేది మనల్ని. ఇంట్లో, వీధిలో, హాస్టల్లో "ఫోన్ గురించి వాణ్ని అడుగు" అనిపించుకునే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెబుతున్నా. జ్వరం ఎంతుందో చూడకుండా మందు రాసే డాక్టర్‌ను మనం ఒప్పుకోం. లాగ్ చూడకుండా, వెర్షన్ చూడకుండా "ఫోన్ పాతది" అని నేను చేసింది అదే పని.

"ఫోన్ పాతది" అన్న మాట చాలా తేలిక. చెప్పినవాడికి ఖర్చు లేదు, విన్నవాడికి ఎదురు చెప్పే ధైర్యం లేదు. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. బ్యాటరీ ఉబ్బిన ఫోన్, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిన ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు చేసేవాళ్లకు మార్చమనే చెప్పాలి. కానీ కారణం కనుక్కుని చెప్పడం వేరు, కారణం తెలియక వస్తువు మీదకి నెట్టేయడం వేరు.

అందుకే నా వరకు మూడు పద్ధతులు పెట్టుకున్నా.

ఒకటి, ఇకపై నా ప్రతి ఫోన్ రివ్యూలో ఆండ్రాయిడ్ వెర్షన్ పక్కన ఎస్క్యూలైట్ వెర్షన్ కూడా ఉంటుంది. ఒక లైనే. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి, మెమరీలో ఒక డేటాబేస్ సృష్టించి, పైన చెప్పిన వాక్యం నడిపితే వచ్చేస్తుంది. కేబుల్ పెట్టి షెల్‌లో చూడొచ్చు కదా అంటారేమో. షాపులో కొనే చాలా ఫోన్లలో ఆ కమాండే ఉండదు.

రెండు, యాప్ చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు 'అబౌట్' పేజీలో మూడు నంబర్లు చూపించండి: యాప్‌ది, ఆండ్రాయిడ్‌ది, డేటాబేస్‌ది. వాడేవాళ్లు వాటిని అర్థం చేసుకోనక్కర్లేదు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేస్తే మీకు సగం పని తప్పుతుంది. మీ యాప్ ఎవరి కోసమో వాళ్ల చేతిలో ఉన్న ఆండ్రాయిడ్‌కు ఒక ఎమ్యులేటర్ పెట్టుకోండి. మీ ఫోన్‌లో నడిచింది కాబట్టి అందరి ఫోన్‌లో నడుస్తుందనుకోవద్దు.

మూడు, ఎవరైనా "పనిచేయట్లేదు" అంటే మొదటి ప్రశ్న "ఏ ఫోన్?" కాదు, "ఏ వెర్షన్?" ఆ జవాబు కూడా గుర్తున్నది చెప్పడం కాదు, నడుస్తున్నదాన్ని అడిగి చెప్పడం.

కారణం తెలిసిన రోజు సాయంత్రమే దుకాణానికి వెళ్లి చిన్నాయనకు విషయం చెప్పా. అప్‌సర్ట్ గురించి కాదు, ఫోన్ తప్పు లేదని, తప్పు మాదేనని. పాత ఫోన్‌లో కొత్తగా చేసిన యాప్ వేసి, ఒక పేరు రాసి 'సేవ్' నొక్కి చూపించా. నిలబడింది.

"అంటే ఇది మంచిదేనా?"

"మంచిదే చిన్నాయనా."

"మరి ముందుగాల్నే చూడకపోతివి?"

కోపంగా అనలేదు. ఊరికే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు పాత ఫోన్ కౌంటర్ మీద ఉద్దెర లెక్క కోసం ఉంది, కొత్తది ఆయన జేబులో ఉంది. ఉద్దెర బుక్కులో మొదటి పేజీ పైన తమ్ముడు పెన్నుతో తేదీ వేసి రాశాడు: ఆండ్రాయిడ్ 10, ఎస్క్యూలైట్ 3.22.0. ఇంకోసారి ఏదైనా ఆగిపోతే, సలహా చెప్పేముందు ఆ పేజీ తెరవాలని నాతో మాట తీసుకున్నాడు.